బండ కింద దొరికిన తీగ

మన్సూరాబాద్

చెల్లె యాదమ్మకు అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాము, భయపడకు.

ఇల్లు బాగు చేయిస్తున్నాము కదా, వాషింగ్ మిషన్ ముట్టుకుంటే కోడలు అరుణకు జివ్వుమని షాకు కొట్టింది. కరెంటు పని చేసే కమలాకర్ రెండు రోజులు గోడల్లోని వైర్లన్నీ వెతికాడు. లోపం ఎక్కడా దొరకలేదు. మూడో రోజు బిందె పట్టుకుని, కొత్తగా బండలు పరిచిన వెనక సందులోకి వెళ్తే, మీ బావ చెప్పినట్టు మట్టి ఎండిపోకుండా ప్రతి ఎండాకాలం నేను నీళ్ళు పోసే ఎర్త్ గొట్టం కనబడలేదు. గొట్టం ఏదని కమలాకర్‌ని అడిగితే "నేను చూస్తున్న గదా, నువ్వు జర కూసో అవ్వా" అన్నాడు. నేను కూర్చోలేదు. గొట్టం ఉండే చోట కొత్త బండ పగలగొట్టించాను. బండలు వేసినవాళ్ళు గొట్టంతో పాటు తీగ కూడా కోసేశారు. దారి తప్పిన కరెంటు ఆ తీగలోంచే భూమిలోకి పోవాలట. అది కలిపాక షాకు పోయింది. "అవ్వా, రేపటి సంది నాతోటి పనికి ఒస్తవా?" అన్నాడు కమలాకర్.

మీ వాకిట్లోనూ బండలు వేయిస్తున్నారట. గొట్టం ఎక్కడుందో ముందే చూసుకో. ఫోన్‌లో చెప్తే మరిచిపోతావని కార్డు రాశాను, పనివాళ్ళకు చూపించు. మోకాలి నొప్పి తగ్గిందా? చింతతొక్కు పంపు. పిల్లలకు ఆశీస్సులు. అరుణ ఇప్పుడు మిషన్ వేసే ముందు "గొట్టంల నీళ్ళు పోసినవా అత్తమ్మా" అని నన్నే అడుగుతోంది.

నీ అక్క బుచ్చమ్మ