బేస్‌మెంట్ దొర పుచ్చుకున్న రోలు

నార్త్ కరొలైనా రాష్ట్రం, క్యారీ ఊళ్ళో కాపురముంటున్న వేమవరపు పరంధామయ్య అనే నేను, వయస్సు డెబ్బై రెండు, మందుల కంపెనీలో పనిచేసి రిటైరైనవాణ్ణి, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం జరగవలసినవాటి గురించి రాసిపెట్టిన వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందన్న విషయంలో నా భార్య వసుమతికి వేరే అభిప్రాయం ఉంది. కోర్టువారు అడిగితే చెబుతుంది. అడక్కపోయినా చెబుతుంది.

ఇంగ్లీషు కాగితాలు మా అమ్మాయి కృతి తయారు చేసింది, తను లాయరు. ఇది నా మనసులో మాట కనక తెలుగులో రాసుకున్నాను. దీన్ని అమలు జరిపించాల్సింది నా స్నేహితుడు రఘు. రఘూ, నువ్వు ఏ పనీ టైముకి చెయ్యవు. అయినా నిన్నే పెట్టాను, నాకింకెవరున్నారు చెప్పు.

1. ఇల్లు వసుమతికి, ఆవిడ తరవాత కృతికి సర్వహక్కులతో చెందాలి. థర్మోస్టాట్ మీద హక్కులు ముప్ఫై ఏళ్ళుగా వసుమతివే. అవి నావనుకోవడం నా భ్రమ.

2. బేస్‌మెంట్ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. కృతి హైస్కూల్లో ఉన్నప్పుడు పడమటి కొండల్లో స్కాట్లాండ్ వాళ్ళ ఆటల పండక్కి వెళ్ళి, ఒక గళ్ళ శాలువా, ఒక పుస్తకం కొనుక్కొచ్చాను. పూర్వం స్కాట్లాండ్‌లోని గేలిక్ తెగల్లో కౌలుదార్లు దొరకి ఇచ్చుకోవాల్సిన మామూళ్ళ గురించి ఆ పుస్తకం. దొర పరివారంతో వచ్చి దిగితే విందు పెట్టాలి. కోళ్ళు సమర్పించుకోవాలి. దొర పొలంలో కొన్నాళ్ళు ఊరికే పనిచెయ్యాలి. కౌలుదారు చచ్చిపోతే వాడి మందలో మేలైన పశువు దొరది, దాన్ని కాల్ప్ అనేవాళ్ళు.

చదివాక నాకు ఒళ్ళు తెలీలేదు. బేస్‌మెంట్‌లో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ లీజు వెనకాల ఒక పేజీ టైప్ చేసి చేర్చాను. ఏడాదికోసారి దొరకి విందు. నేను శాకాహార దొరని కనక కోడి బదులు ఆవకాయ సీసా. ఒక శనివారం ఇంటి చూరు గటర్లలో ఆకులు తీసి శుభ్రం చెయ్యడం. ఖాళీ చేసేటప్పుడు వాళ్ళ సామాన్లోంచి దొర ఒక మేలైన వస్తువు ఎంచుకోవడం. అందరూ నవ్వుతూ సంతకాలు పెట్టారు. నేను శాలువా కప్పుకుని, మెట్లు దిగి వెళ్ళి, శుభ్రంగా భోంచేసి వచ్చేవాణ్ణి. అలా ఒక క్రికెట్ బ్యాటు, ఒక రైస్ కుక్కరు, ఒక తిరిగే కుర్చీ సంపాదించాను. ఆ కుర్చీలో కూర్చునే ఇది రాస్తున్నాను. ఒక చక్రం ఊడింది.

3. 2023 జనవరిలో మా బేస్‌మెంట్ కౌలుదారు తేజేశ్వర్ ఉద్యోగం పోయింది, నెలాఖరుకి అతని లీజూ అయిపోతోంది. అతని వీసా ప్రకారం అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. పైకొచ్చి, రెండు నెలలు ఉండనివ్వమని, అద్దె తరవాత కట్టేస్తానని అడిగాడు. బేస్‌మెంట్ ఇంకొకతనికి ఇస్తానని మాటిచ్చేశాను, లీజు లీజే అన్నాను. మాటిచ్చింది నిజమే. ఒక్క ఫోన్ కాల్‌తో ఆ మాట వెనక్కి తీసుకోవచ్చన్నదీ నిజమే.

అతను కార్లో సామాను సర్దుకుంటుంటే నేను శాలువా కప్పుకుని వెళ్ళి మామూలు అడిగాను. సరదాకే. వాళ్ళమ్మ శేషమ్మగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి తన చీరలు తీసేసి, బరువు సరిపెట్టి మోసుకొచ్చిన చిన్న రోలు, పచ్చడిబండ కనిపించాయి. ఇవి నావి అన్నాను. ఆ అబ్బాయి నవ్వలేదు. తనే మోసుకొచ్చి మా వంటింట్లో పెట్టి వెళ్ళాడు.

వసుమతి మూడు రోజులు కూర్చుని ఆ మామూళ్ళ పుస్తకం మొత్తం చదివింది. నాలుగో రోజు చివరి అధ్యాయం తెరిచి నా ముందు పడేసింది. దొర పుచ్చుకునే భాగం అయిపోగానే నేను చదవడం ఆపేశాను మరి. కౌలుదారుకి ఆపద వస్తే దొర కత్తి పట్టుకుని బయల్దేరాలట. మామూళ్ళన్నీ అందుకేనట. నేను నాలుగు మామూళ్ళూ వసూలు చేసి, ఇవ్వాల్సిన ఆ ఒక్కటీ ఎగ్గొట్టాను. ఇది నవ్వించడానికి రాయడం లేదు. సిగ్గుగా ఉంది.

తేజేశ్వర్ పక్క రాష్ట్రంలో, అల్ఫారెట్టా ఊళ్ళో ఎవరి సోఫా మీదో తలదాచుకుని, యాభై మూడో రోజున ఉద్యోగం తెచ్చుకున్నాడు. అందులో నా గొప్పేమీ లేదు.

4. ఇకమీదట బేస్‌మెంట్ అద్దెకివ్వకూడదు. ఉద్యోగం పోయి, వీసాకి రోజులు లెక్కపెట్టుకుంటున్న వాళ్ళెవరొచ్చినా అరవై రోజులు ఊరికే ఉండనివ్వాలి. కృతీ, నువ్వు ఇల్లు అమ్మేస్తావని నాకు తెలుసు. అమ్మేదాకా అయినా ఇది నడపమ్మా. ఆజ్ఞ కాదు, బతిమాలుకుంటున్నాను.

5. కాల్ప్‌ని తిరగేస్తున్నాను. ఇక్కడ పోయేది దొర కనక మేలైన వస్తువు కౌలుదారుది. ఇల్లంతా తిరిగి చూశాను. సోఫా కుంగింది, టీవీలో సగం గీతలు, నా పెన్నులేవీ రాయవు. వసుమతిని అడిగాను.

"ఈ ఇంట్లో మంచి వస్తువంటూ ఉంటే అది ఆ అబ్బాయి రోలే" అంది.

కాబట్టి ఆ రోలు, పచ్చడిబండ నా తదనంతరం తేజేశ్వర్‌కి చెందాలి. ఇప్పుడే ఇచ్చెయ్యచ్చుగా అంటారేమో. ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు.

6. గళ్ళ శాలువా రఘుకి.

ఈ రోజు చేర్చినది: సాక్షి సంతకానికి వసుమతి నాకు చెప్పకుండా తేజేశ్వర్‌ని పిలిచింది. ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. సాక్షులు ఇద్దరే అయినప్పుడు సంతకం పెట్టినవాళ్ళకి వీలునామా కింద ఏమీ రాదని కృతి అడ్డుపడింది. ఇంకో సాక్షి రఘు, శాలువా తప్పినందుకు తెగ సంతోషించాడు. తేజేశ్వర్ అయిదో అంశం రెండుసార్లు చదివాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి రోలు ఎత్తుకున్నాడు. కార్లో దొర్లిపోకుండా నేనే దానికి శాలువా చుట్టి ఇచ్చాను. అది డిక్కీలో పెట్టి వచ్చి పెన్ను అడిగాడు.

"ఇంక మీరు నాకేం ఇవ్వక్కర్లేదు అంకుల్. సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

అయిదు, ఆరు అంశాలు నా చేత్తో కొట్టేశాను.

క్యారీ, 2025 మే 17, శనివారం.

(సంతకం) వేమవరపు పరంధామయ్య

సాక్షులు:
1. రఘు, క్యారీ. సంతకానికి గంటన్నర ఆలస్యంగా వచ్చాడు.
2. తేజేశ్వర్, అల్ఫారెట్టా. అతని పెన్నుతోనే నేనూ సంతకం పెట్టాను.