పెంచలమ్మ అవ్వకు చేపలు

మామా,

ఆత్మకూరు మీటింగుకు వెళ్తున్నాను. సబ్సిడీ మీద చేపల బండ్లు తీసుకున్నవాళ్లందరినీ రమ్మన్నారు. సాయంత్రం బస్సుకు వచ్చేస్తాను. సంగటి చేసి పెట్టాను, పులుసు వేడి చేసుకో. చెరువు నుంచి రాగానే బండి మీది ఐసు పెట్టె కడుగు, నీచు వాసన కొడుతోంది.

ఈరోజు చేపలు పెట్టెలో వేసే ముందే పక్కింటి పెంచలమ్మ అవ్వకు ఓ పూటకు సరిపడా తీసి ఇవ్వు. నిన్న నువ్వు లోడు తీసుకుని ఉదయగిరి వెళ్లాక ఆమె గిన్నె పట్టుకుని వచ్చింది. "అన్నీ బండికి పోయినాయి అవ్వా" అన్నాను. "పోనీలే తల్లీ, బండి వచ్చినాక మీకు తీరికేడ ఉండాది" అని నవ్వి వెళ్లిపోయింది. రాత్రి నాకు అన్నం సయించలేదు.

మనకు వల లేనప్పుడు వాళ్లాయన వలను తీసి ఇచ్చింది ఆమే కదా. బండి రాకముందు అమ్మగా మిగిలినవి ఇంటింటికీ ఇచ్చేవాళ్లం. ఇప్పుడు మన చేపలు ఉదయగిరి హోటళ్లలో ఉడుకుతున్నాయి, పక్కింట్లో ఉత్త చారు కాగుతోంది. మీటింగులో అడిగితే బండి వల్ల బాగుపడ్డామనే చెప్తాను. అది అబద్ధం కాదు. అయినా చెప్పాలంటే మనసు రావడం లేదు.

చెంచులక్ష్మి

బయల్దేరినదాన్ని వెనక్కి వచ్చి రాస్తున్నాను. దారిలో అవ్వతో చేపలు వస్తాయని చెప్తే, "వద్దమ్మా, మీరు యాపారం చేసుకునే సరుకు, నేను ఊరికే తీసుకుంటే బాగుండదు" అంది. ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట వినలేదు. చేపలు ఇచ్చి వచ్చేయకు మామా. కాసేపు కూర్చుని, ఆమె వండి పెడితే తిని రా.