దేవుడికి నాలుగున్నర

17 జూన్ 1952, ఉదయగిరి
బియ్యం మీద కంట్రోలు ఎత్తేశారు. రేషన్ డిపో మూసేశారు. నలభై ఐదు రూపాయల గుమాస్తా యేసురత్నం, అంటే నేను, ఇకమీదట శెట్టి కొట్లో పదిహేను రూపాయల గుమాస్తా. శెట్టి కూడా డిపో జీతమే ఇస్తున్నాడని ఊళ్లో చెప్పాను.

2 జులై
విడిగా ఉంటున్న నా భార్య లిదియమ్మకు, మా ఏడేళ్ల ఎస్తేరు పోషణకని, కోర్టు వేసింది నెలకు పన్నెండు. ఇచ్చేస్తే నాకు మిగిలేది మూడు. ఆత్మకూరు వెళ్లి వకీలు చెంచయ్యను పట్టుకున్నాను. పన్నెండును ఆరు చేయమని పెటిషన్ వేశాడు. గెలిచేశామన్నాడు.

6 జులై, ఆదివారం
మా గుడిలో నెల మొదటి ఆదివారం పాస్టరుగారు ఎవరి దశమభాగం ఎంతో పేరుపేరునా చదువుతారు. రాబడిలో పదో వంతు. లెక్కకు నాది రూపాయిన్నర. ముందు బెంచీలో కూర్చునేవాణ్ణి, అది ఎలా చదివించుకుంటాను? శెట్టి దగ్గర మూడు చేబదులు తీసుకుని, ఎప్పటిలాగే నాలుగున్నర ఇచ్చాను. రూపాయి ఇచ్చే వరదయ్య తల తిప్పి చూశాడు. హాయిగా ఉంది.

3 ఆగస్టు, ఆదివారం
నాలుగున్నర. మళ్లీ చేబదులు.

12 ఆగస్టు, ఆత్మకూరు
విచారణ. చిరిగిన చొక్కా వేసుకెళ్లాను. చెంచయ్య నా దరిద్రాన్ని ఎంత బాగా వర్ణించాడంటే నాకే కన్నీళ్లొచ్చాయి. తర్వాత లిదియమ్మ లేచింది. ఈ మనిషి మొన్న గుడిలో నాలుగున్నర దశమభాగం ఇచ్చినాడయ్యా, పాస్టరుగారు చదివినారు, పదింతలు చేసి చూసుకోండి అంది. దేవుడికి నిండా ఇచ్చి బిడ్డకి కోత పెడతాడా, ఇదేం న్యాయం అంది. హాలంతా పకపకా నవ్వింది. చెంచయ్య కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.
అబద్ధం ఇక్కడ చెబుతున్నావా, అక్కడ చెప్పావా అని మేజిస్ట్రేటుగారు అడిగారు. అక్కడే అన్నాను. అయితే అక్కడే సరిచేసుకుని పాస్టరును సాక్షిగా తీసుకురమ్మన్నారు. వాయిదా.

సాయంత్రం, బస్సులో
లిదియమ్మ ముందు సీట్లో ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా కోపమంతా అందుకే.

7 సెప్టెంబర్, ఆదివారం
యేసురత్నం, రూపాయిన్నర. పాస్టరుగారు రెండుసార్లు చదివారు, మొదటిసారి ఆయనకే నమ్మకం కుదరక. నేను లేచి, నా జీతం పదిహేనేనని, పోయిన రెండు నెలలూ అప్పు తెచ్చి ఇచ్చానని చెప్పి కూలబడ్డాను. లిదియమ్మ వైపు చూడలేదు. బయటికొచ్చాక వరదయ్య నా చెయ్యి పట్టుకుని, ఏందిరా, నేనిచ్చే రూపాయి గూడా అప్పేరా అన్నాడు.

16 సెప్టెంబర్
పాస్టరుగారు సాక్ష్యం చెప్పారు. ఆరు చేశారు. చెంచయ్య వెంటనే ఫీజు అడిగాడు. గెలిచాను గానీ సంతోషం రాలేదు.

21 సెప్టెంబర్, ఆదివారం
కానుక బుట్ట వచ్చింది. ఎస్తేరు తన అర్ధణా అందులో వేయలేదు. ఆడవాళ్ల వైపు నుంచి నడిచొచ్చి, అందరూ చూస్తుండగా నా చేతిలో పెట్టింది. పేదలకంట అంది.
తీసుకున్నాను.