డిసెంబరాలు పూసిన రోజు

డిసెంబరు ఒకటి, సోమవారం.

అవ్వా,

పొద్దున బాల్కనీ తలుపు తీస్తే, తార్నాకకు వచ్చిన కొత్తలో నువ్వు నాటిన కుండీలో ఊదారంగు డిసెంబరం ఒకటి విచ్చుకుని ఉంది. నువ్వు పోయాక ఇదే మొదటి పూత. "అమ్మా, అవ్వ పుట్టినరోజు!" అని అరిచాను. అమ్మ వచ్చి చూసి, "దానికెట్ల తెలిసిందో ఏమో" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

క్యాంపస్‌లో నా స్నేహితురాలు సుమ, ఏ నెలలో పుట్టినవాళ్ళది ఏ పువ్వో ఫోన్‌లో చదువుతోంది. "మీ అవ్వది ఏ నెలనే?" అంది. ఆధార్‌లో జనవరి ఒకటి అన్నాను.

"అయితే కార్నేషన్. ప్రేమకు గుర్తంట."

కాదన్నాను. నీ తేదీ ఎవరూ రాసుకోలేదనీ, పెరట్లో డిసెంబరాలు మొదలైన రోజు పుట్టావని మాత్రం మీ అమ్మ చెప్పేదనీ, అందుకే ఏటా తొలి పువ్వు పూసిన రోజే నీ పుట్టినరోజనీ చెప్పాను.

"నెలను చూసి పువ్వు చెప్తరు గానీ, పువ్వును చూసి పుట్టినరోజు చేసుడేందే? అంతా ఉల్టా!" అని నవ్వింది. "మరి ఈ పువ్వుకు అర్థమేంది?"



ఇంటికొచ్చాక నీ మాట గుర్తొచ్చింది. "వాసన లేదని దేవుడొద్దంటాడేమో, మనకేం? ఇట్ల రాండి" అని అమ్మ జడలో, నా జడలో పెట్టేదానివి. నువ్వు పోయినప్పటి నుంచి అమ్మ పూలు పెట్టుకోవడం లేదు.

కుండీలో ఇంకో రెండు మొగ్గలున్నాయి. రేపు పొద్దున అమ్మ ఆఫీసుకు తయారయ్యేటప్పుడు, దువ్వెన నేను తీసుకుంటాను.