పెంచలరెడ్డి ముందు వెళ్లాడు

ఆత్మకూరు,
14-8-1997

తమ్ముడు దేవసహాయానికి, ప్రభువు దయవల్ల కూతురింట్లో నేను, మీ వదిన క్షేమం. నా గురించి దిగులు పడవద్దు.

పోయిన నెల చర్చి హాల్లో యాభై దాటిన మగవాళ్లకు ప్రోస్టేట్ పరీక్ష పెట్టారు. నలభై మందిమి వచ్చాం. డాక్టరు వెనకనుంచి వేలితో చూస్తాడని తెలియగానే ఒక్కొక్కరే బీడీ వంకతో బయటికి జారుకున్నారు. నేనూ చెప్పులు తొడుక్కున్నాను. చేజర్ల పెంచలరెడ్డి నా చెయ్యి పట్టుకుని, "యాడికి అయ్యోరా? మీ నాయన ఒంటేలు బిగిసి, ఉచ్చ రాక మూడు దినాలు అల్లాడి పోయినాడని నువ్వే చెప్తివే!" అన్నాడు. తనే ముందు లోపలికి వెళ్లి వచ్చి, బయట నిలబడ్డవాళ్లను కేకేశాడు: "పన్ను పీకించుకునేదానికంటే సులువురా! దీనికేంది సిగ్గు?" చివరికి ఇరవై ఆరుగురం చూపించుకున్నాం.

నాకు గ్రంథి వాచింది, అంతే. మాత్రలతో తగ్గుతోంది. రెడ్డికి మాత్రం క్యాన్సరని తేలింది. మొదట్లోనే దొరికింది కాబట్టి ఆపరేషన్‌తో నయమవుతుందని డాక్టరు ధైర్యం చెప్పాడు. ఆయన నవ్వుతూనే మద్రాసు వెళ్లాడు.

బస్సెక్కాలంటే నువ్వు ముందురోజు నుంచే నీళ్లు మానేస్తున్నావని నీ భార్య మీ వదినతో చెప్పిందట. వచ్చే శనివారం, 23న, ఇక్కడే మళ్లీ పరీక్ష ఉంది, సీతారామపురంలో మొదటి బస్సుకే బయలుదేరు. నా పాత కళ్లద్దాలు తీసుకురా. గేదె ఈనిందా?

ఇలాంటి సంగతి కవరులో పెట్టకుండా కార్డు మీద రాశానని కోప్పడకు, కావాలనే రాశాను. మీ పోస్టుమాన్ ఓబులేసుకూ యాభై ఐదు దాటాయి. ఈపాటికి చదివే ఉంటాడు, అతణ్ణీ వెంటబెట్టుకుని రా.

పిల్లలకు దీవెనలు.
నీ అన్న,
జయశీలం