వెంటనే వదలని తీగ

అమ్మడూ,

నువ్వు చేసి పంపిన తొడుగు చచ్చుబడిన నా కుడిచేతికి చక్కగా అమరింది. కరెంటు ఇవ్వగానే అందులోని సన్నతీగ వేడెక్కి, కురచై, వేళ్లను ముడుస్తోంది. ఇన్నాళ్లకు నా గ్లాసు నేనే ఎత్తాను. "నోటికి తోడు ఇక చెయ్యి కూడా లేస్తుందన్నమాట!" అంది మీ అమ్మ.

తీగ చల్లారడం ఆలస్యమై పట్టు వెంటనే వదలడం లేదనీ, చిన్న ఫ్యాను బిగించి ఇంకోటి పంపుతాననీ రాశావు. వద్దు. స్విచ్చి ఆపాక కూడా అది కాసేపు నా వేళ్లను వెచ్చగా పట్టుకునే ఉంటుంది. నీలా "వస్తానమ్మమ్మా" అంటూనే చెప్పులు వెతుక్కోదు.

ఆ లోపం నిన్ను నిద్రపోనివ్వకపోతే నువ్వే వచ్చి, పక్కన కూర్చుని, నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని సరిచేసిపెట్టు. ఎంతసేపు పట్టినా నాకేం తొందర లేదు.

మీ అమ్మమ్మ