బీరువాల షాపు మీద పచ్చముసుగు

తమ్ముడు యుగంధర్‌కి,

ముందు కుర్చీలో కూర్చో. ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరంతో పాటు పుస్తకం కూడా మీ బావ చేత పంపుతున్నాను. రైల్వే క్వార్టర్స్ మారినప్పుడు మన పచ్చముసుగు హిందీ కామిక్సు పోయింది కదా, అదే నిన్న పాత పేపర్ల కబాడీ బండి మీద దొరికింది. మనకి చదువు రాకముందు, హిందీ రాని అమ్మ బొమ్మలు చూపిస్తూ తెలుగులో కథ చెప్పేది. ఆఖరి పేజీలో పోలీసులు ఆ పచ్చముసుగు వీరుడి చేతులకి వెండి కడియాలు తొడిగి సన్మానం చేస్తారు, గుర్తుందా?

అవి బేడీలురా! వాడు దొంగ! ఇళ్లలో దూరి బీరువాలు పగలగొట్టేవాడు! నిన్న మొదటిసారి నేనే చదివితే తెలిసింది. నువ్వేమో ఉర్లాలో నీ బీరువాల షాపు బోర్డు మీద వాడి బొమ్మే వేయించావు. ఈ ఊళ్లో మన వయసువాళ్లంతా అది చదివే ఉంటారు. చదవకుండా విన్నది మనిద్దరమే.

ఒళ్లు మండి అమ్మని నిలదీశాను.

"బేడీలని నాకు తెలీదా? బొమ్మలో కనిపించట్లేదూ? అప్పటికే చిన్నోడు ఆకుపచ్చ తువ్వాలు మొహానికి కట్టుకుని తిరుగుతున్నాడు. వాడి దేవుణ్ణి జైల్లో పెట్టేశారని ఎలా చెప్పనే?" అంది.

బోర్డు సంగతి నీ ఇష్టం. అమ్మ మటుకు ముసుగు వెలిసిపోయిందని, మళ్లీ పచ్చరంగు వేయించమంటోంది.

మీ అక్క